పిల్లలతో పొలంలో గుడారం బస: ఎలా చేయాలి?

మంచం, పరుపు, ఫ్యాను, పక్కనే బాత్‌రూం ఉన్న గుడారంలో బస చేయడాన్ని ఇప్పుడు గ్లాంపింగ్ అంటున్నారు. రిసార్టులో అయితే మనకోసమే అంతా నడుస్తుంది. పొలంలో అలా కాదు. మనం వచ్చామని అక్కడ పని ఆగదు. తెల్లారకముందే పాలు పిండాలి, మోటారు వేయాలి, కూలీలు వస్తారు, ట్రాక్టర్ తిరుగుతుంది. అందుకే బుక్ చేసేటప్పుడు గుడారం గురించి కన్నా పొలం గురించి ఎక్కువ అడగాలి.

ఈ సంగతి మాకు తడిశాకే తెలిసింది. మొదటిసారి వెళ్లినప్పుడు ఫోటోలు చూసి, బాగుందని డబ్బు కట్టేశాం. బత్తాయి తోట పక్కన కానుగ చెట్ల నీడ, చల్లని చోటు. రాత్రి రెండున్నరకు కరెంటు పోయి వచ్చింది. మోటారుకు ఆటోస్టార్టర్ ఉందట, దానంతటదే ఆన్ అయింది. పాదులకు పోవాల్సిన నీళ్లు కాలువ తెగి మా వైపు తిరిగాయి. మా చిన్నది కింద వేసిన చాప మీద కాలు పెట్టి, "అమ్మా, చాప మెత్తగా అయింది" అని లేపింది. లైట్ వేసి చూస్తే చెప్పులు తేలుతున్నాయి. తప్పు రైతుది కాదు. ఆ పొలంలో పల్లం ఎటు ఉందో మేం అడగలేదు, గుడారం వేసినవాళ్లు చూడలేదు.

1. ముందు నెల చూసుకోండి

మన దక్షిణ తెలంగాణలో గుడారంలో పడుకోవడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే బాగుంటుంది. మార్చి దాటితే మధ్యాహ్నం గుడారం లోపల కూర్చోలేం, ఏసీ ఉన్నా సరే. వానాకాలం పచ్చగా ఉంటుంది కానీ నల్లరేగడి నేలైతే కారు బయటికి రాదు. ఎర్ర చెలక అయితే కొంచెం నయం.

నెలను బట్టి పిల్లలకు దొరికే పని మారుతుంది. అక్టోబరు, నవంబరులో సీతాఫలాలు, వరికోతలు. సంక్రాంతి ముందు పాలమూరు వైపు వెళ్తే అనపకాయలు (సొరకాయలు కాదు, చిక్కుడు లాంటివి), రేగుపండ్లు. యాసంగి పల్లికాయ పీకేది సంక్రాంతి దాటాక. మామిడి తోటలో బస అయితే మాత్రం ఒక మాట: డిసెంబరు, జనవరిలో పూత వస్తుంది, తేనెమంచు పురుగుకు మందు కొడతారు. ఫోటోలో పూత అందంగానే ఉంటుంది, మందు వాసన ఫోటోలో రాదు.

2. ఫోన్‌లోనే అడిగేయండి

మొహమాటం వద్దు. గుడారం దిమ్మె మీద ఉందా, నేల మీద ఉందా? నీళ్లు ఎటు పారతాయి? మేం ఉండే రోజుల్లో మందు కొట్టే పని ఉందా? బావి ఉంటే దాని చుట్టూ గోడ ఉందా? పొలాల్లో పాత దిగుడు బావులు చాలా చోట్ల గోడ లేకుండానే ఉంటాయి, చుట్టూ గడ్డి పెరిగితే పెద్దవాళ్లకే కనిపించవు. అయిదేళ్ల పిల్లాడితో వెళ్లేవాళ్లకు ఈ ఒక్క ప్రశ్న మిగతా అన్నిటికన్నా ముఖ్యం.

తర్వాత కంచె గురించి అడగండి. అడవి పందుల కోసం కొందరు తీగలకు నేరుగా కరెంటు ఇస్తారు. అది నేరం, మనుషుల ప్రాణాలూ పోయాయి. మీరు దిగే పొలంలో లేకపోయినా పక్క పొలంలో ఉండొచ్చు. సోలార్ కంచె అయితే వేరు, అది ఆగి ఆగి షాక్ కొట్టి జంతువును వెనక్కి పంపుతుంది. ఏదైనా సరే, చీకటి పడ్డాక పొలం హద్దు దాటకూడదు.

గుడారం ఏ చెట్టు కింద ఉందో కూడా తెలుసుకోండి. ముసలి చెట్టు, ఎండు కొమ్మలు ఉంటే వేరే చోటు అడగండి. మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టుకే చెదలు పట్టి పెద్ద కొమ్మ విరిగింది, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. అంతటి మానుకే తప్పలేదు. చింతచెట్టు నీడ చల్లగా ఉంటుంది కానీ గుడారం మీద రోజంతా ఆకు రాలుతూనే ఉంటుంది.

3. సామాను

దుప్పట్లు వాళ్లిచ్చినా ఇంట్లోవి రెండు ఎక్కువ పెట్టుకోండి. డిసెంబరు రాత్రుల్లో చలి 15 డిగ్రీలకూ, ఒక్కోసారి ఇంకా కిందికీ దిగుతుంది. గుడ్డ గోడ చలిని ఆపదు. మనిషికో టార్చిలైటు కావాలి. ఫోన్ లైటు సరిపోదు, చార్జింగ్ అయిపోతే ఫోనూ ఉండదు, లైటూ ఉండదు. పిల్లలకు బూట్లు తప్పనిసరి, చెప్పులతో పల్లేరుకాయలు గుచ్చుకుని మొదటి గంటలోనే ఏడుపు మొదలవుతుంది. దోమతెర, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, రోజూ వేసుకునే మందులు ఎలాగూ ఉంటాయి.

తాగునీళ్ల సంగతి విడిగా చెప్పాలి. నల్లగొండ పేరు చెబితే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, ఊరికే కాదు. బోరు నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. మరిగిస్తే సూక్ష్మక్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. రెండు రోజుల్లో ఎవరికీ ఎముకలు వంగవు, అది ఏళ్ల తరబడి తాగితే వచ్చే జబ్బు. అయినా బోరు నీళ్లు పడక పిల్లలకు కడుపు పాడైతే ట్రిప్పంతా టెన్షన్. అక్కడ మిషన్ భగీరథ నల్లా ఉందా అని అడగండి, లేకపోతే క్యాను కొనుక్కుని వెళ్లండి.

4. వెలుతురు ఉండగానే చేరుకోండి

సాయంత్రం నాలుగింటికల్లా అక్కడుండాలి. అచ్చంపేట, మన్ననూరు వైపు వెళ్తుంటే ఇంకో కారణం ఉంది: అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. మీరు దిగే పొలం ఆ అడవి చెక్‌పోస్టు గేటుకు ఏ వైపు ఉందో ముందే చూసుకోండి.

దిగగానే బ్యాగులు విప్పకండి. పొలం మనిషితో కలిసి హద్దులన్నీ నడిచి రండి, పిల్లలు కూడా రావాలి. మేం రెండోసారి వెళ్లినప్పుడు ఒక పెద్దాయన కర్ర పట్టుకుని ముందు నడిచాడు. గట్టు దగ్గర ఆగి మా వాడితో, "చూడు బిడ్డా, ఈ గట్టు దాటొద్దు. నిన్ననే మందు కొట్టినం. ఆ ఎద్దు దగ్గరికి ఎనక నుంచి పోవద్దు, తంతది" అన్నాడు. మేం వంద సార్లు చెప్పినా వినని మాట, "సరే తాతా" అని వెంటనే ఒప్పుకున్నాడు. ఈ పని వాళ్లతోనే చెప్పించండి.

5. రాత్రి

మంచం మీదే పడుకోవాలి. నేల మీద పక్క వేసుకుంటే సరదాగా ఉంటుందని పిల్లలు గోల చేస్తారు, వినొద్దు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువ కరుస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు లేకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే అజీర్తి అనుకోకుండా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి. కట్టు బిగించొద్దు, కోయొద్దు, పసరు పోయొద్దు. కరిచిన కాలో చేయో కదపకుండా తీసుకెళ్లాలి. విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రి ఎంత దూరమో బుక్ చేసే రోజే కనుక్కోండి. భయపెట్టడానికి చెప్పడం లేదు. గుడారం జిప్పు పూర్తిగా మూసి, దోమతెర అంచు పరుపు కిందికి దోపి, తిండి ముక్కలు లోపల లేకుండా చూస్తే నిద్ర హాయిగా పడుతుంది. తిండి ఉంటే ఎలుక వస్తుంది, ఎలుక వెనక పాము వస్తుంది.

చలిమంట వేస్తామంటే సరే అనండి, కానీ ఎండుటాకులు ఊడ్చిన చోటే, పక్కన బిందెడు నీళ్లతో. టేకు ఆకు కాగితంలా అంటుకుంటుంది.

6. పొద్దున పని

అలారం పెట్టకండి, బర్రెలే లేపుతాయి. పాలు పిండేచోట పిల్లలు పక్కన నిలబడాలి, మాట్లాడకూడదు. కొత్తవాళ్లుంటే కొన్ని బర్రెలు చేపవు, అంటే పాలు దించవు, రైతుకు ఆ పూట పాలు తగ్గుతాయి. పని చేయనిస్తామంటేనే చేయండి. పల్లికాయ పీకడం, అనపకాయలు తెంపడం పిల్లలకు ఇట్టే వస్తాయి. కాయలను ఉప్పేసి ఉడకబెట్టి వేడివేడిగా ముందు పెడితే ఫోన్ అడగడం మరిచిపోతారు. గింజ కన్నా తొక్క మీదున్న ఉప్పు చప్పరించడానికే మా వాళ్లు పోటీ పడ్డారు.

వంట వాళ్లదే అయితే పొద్దున జొన్న రొట్టె చేయమని అడగండి. మరిగిన నీళ్లలో పిండి కలిపి, అరచేత్తో తట్టి, పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో అద్దుతారు. ఆ అద్దడం మానేస్తే రొట్టె పగులుతుంది. మా ఆవిడ ఇంటికొచ్చి నాలుగుసార్లు చేసింది, మూడు పగిలాయి.

పక్కన చూడ్డానికి పోవాలంటే ఒక్క పూట చాలు. నల్లగొండ వైపు నాగార్జునసాగర్, దేవరకొండ కోట. మహబూబ్‌నగర్ వైపు పిల్లలమర్రి. రెండు రోజుల్లో అన్నీ తిరిగితే పొలం ఎప్పుడు చూస్తారు?

7. వచ్చేటప్పుడు

చిప్స్ ప్యాకెట్లు, డైపర్లు, సీసాలు మీ డిక్కీలోనే తెచ్చుకోండి. పశువులు ప్లాస్టిక్ తింటాయి. బూట్లు తొడిగే ముందు దులపండి, తేళ్లకు బూట్లంటే ఇష్టం. కాయలు కొంటే బేరం ఆడకుండా తూకం వేయించుకోండి. పొలం గేటు తెరిచినవాళ్లే కారు దిగి మళ్లీ వేయాలి, గొలుసు కొక్కేనికి తగిలించాలి. మేం ఒకసారి వేశాం, గొలుసు తగిలించలేదు. ఊరు దాటకముందే ఫోన్ వచ్చింది: "సార్, దూడ రోడ్డు మీదకొచ్చింది. మీరేనా గేటు తీసింది?"