పీహెచ్‌సీలో మెంటల్ హెల్త్ నర్సు: పేషెంటు రెండోసారి రావాలంటే

పీహెచ్‌సీలో చేరిన మొదటి వారం పేషెంట్ల కోసం వెతక్కండి, పాత ఓపీ రిజిస్టర్లు తెరవండి. నాలుగైదు నెలల పేజీలు తిరగేస్తే కొన్ని పేర్లు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. తల భారం, ఒళ్ళు నొప్పులు, గ్యాస్, గుండె దడ, కాళ్ళు గుంజుడు. ప్రతిసారీ బి-కాంప్లెక్స్, గ్యాస్ గోళీ, ఒక నొప్పి గోళీ. ఆ పేర్లన్నీ పుస్తకంలో ఎక్కించుకోండి. మీ పేషెంట్లలో చాలామంది అందులోనే ఉంటారు. "నాకు డిప్రెషన్ ఉంది సిస్టర్" అంటూ మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు అరుదు.

నేను ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో వార్డు డ్యూటీలు చేసి, తర్వాత జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం టీములో నిజామాబాద్ వైపు పల్లెలకు వచ్చాను. ఈ కార్యక్రమం దేశంలో 1996లో నాలుగు జిల్లాల్లో మొదలైతే అందులో మన మెదక్ ఒకటి. వార్డులో మూడు పూటలా మందు మనమే దగ్గరుండి మింగిస్తాం. పీహెచ్‌సీలో నెలకు పది నిమిషాలు మన ముందు కూర్చుంటారు, మిగతా రోజులన్నీ వాళ్ళ ఇంట్లో వాళ్ళు. మొదటిసారి ఎంత గొప్పగా మాట్లాడినా సరే, పేషెంటు రెండోసారి రాకపోతే మనం చేసింది ఏమీ లేదు. నేను చెప్పబోయేదంతా ఆ రెండోసారి కోసమే.

ముందు కుర్చీ సంగతి. వరండా చివర ఒక గది ఇచ్చి, "మానసిక వైద్య విభాగం" అని బోర్డు పెడతామంటారు. వద్దని చెప్పండి. ఆ గుమ్మం తొక్కితే ఊళ్ళో ఏమనుకుంటారో అని జనం రారు. బీపీ, షుగర్ చూసే టేబుల్ పక్కన కూర్చోండి. నెలనెలా బీపీ గోళీలకు వచ్చేవాళ్ళ లైన్లో వీళ్ళూ కలిసిపోతారు. నలుగురిలో అడగలేనిది ఉంటే "బరువు చూద్దాం రండి" అని లోపలికి తీసుకుపోవచ్చు. బరువు మిషన్ ఇంజెక్షన్ రూములో పెట్టించుకోవడం అందుకే.

నేను బీపీ పట్టీ చుడుతూ మాట మొదలుపెడతాను.

"నిద్ర ఎట్ల పడుతుందమ్మా?"

"ఏం నిద్ర బిడ్డా, రెండు కొట్టంగనే మెలకువైతది. ఇగ తెల్లారేదాక అటు పొర్లుడు, ఇటు పొర్లుడు."

"బువ్వ సయిస్తుందా?"

"ఏదో ఇంత తింట."

ఇక్కడ ఆగి, మీటర్ చూసి, బీపీ ఎంతుందో చెప్పండి. వాళ్ళు వచ్చింది దానికోసం కాబట్టి అది ముందు దక్కాలి. తర్వాత పని, ఇష్టాలు: చేనుకు పోవాలనిపిస్తుందా, పక్కింటివాళ్ళతో కూర్చుంటున్నారా, సీరియల్ చూస్తున్నారా. చివరికి మనసు సంగతి. ఈ వరుస తప్పి మొదటే "మీకు బాధగా ఉంటుందా?" అని అడిగితే, "ఎవరికి ఉండదు?" అని లేచిపోతారు.

డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 ఫారం వాడండి, కానీ పరీక్ష పేపరులా చదవకండి. అందులో ప్రతి ప్రశ్నా గత రెండు వారాల గురించే. మా పల్లెల్లో వారాలు గుర్తుండవు, వారం వారం జరిగే అంగడి గుర్తుంటుంది. "రెండు అంగళ్ళ కిందటి నుంచి" అంటే వెంటనే లెక్క అందుతుంది. మొత్తం 27కి 10 గానీ అంతకు మించి గానీ వస్తే మెడికల్ ఆఫీసర్‌కి చూపించాలి. తొమ్మిదో ప్రశ్న మాత్రం మొత్తంతో సంబంధం లేనిది. చచ్చిపోతే బాగుండు అనిపిస్తుందా అన్నదానికి సున్నా (అసలు లేదు) తప్ప ఏ జవాబు వచ్చినా ఆ మనిషిని ఆ పూట ఒంటరిగా ఇంటికి పంపకండి.

ఆ ప్రశ్న అడగడానికి కొత్త నర్సులు భయపడతారు, లేని ఆలోచన మనమే పుట్టిస్తామేమో అని. అడిగినంత మాత్రాన ఆలోచన పుట్టదు. చాలామంది అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. అడిగి ఊరుకోకుండా ఇంట్లో పురుగుమందు ఎక్కడుందో కూడా అడగాలి. పారాక్వాట్ గడ్డిమందుకు విరుగుడే లేదు. డబ్బా మంచం కింద ఉంటే, పక్కనున్న కొడుకునో భర్తనో పిలిచి, ఇవ్వాళే వేరేవాళ్ళ కొట్టంలో పెట్టి తాళం వేయమనండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబర్ 14416 చీటీ మీద పెద్ద అంకెలతో రాసివ్వండి. అది ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. పురుగుమందు తాగి బతికివచ్చిన వాళ్ళ ఇంట్లో పోలీసు కేసు భయం ఉంటుంది, "పొరపాటున తాగిండు" అనే చెబుతారు. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ చెబుతుందని వాళ్ళకు వివరించండి. దాచుకోవాల్సిన పని లేదని తెలిస్తే మళ్ళీ వస్తారు.

డాక్టర్ దగ్గరికి పంపే ముందు హెచ్‌బీ (హిమోగ్లోబిన్), షుగర్, థైరాయిడ్ చేయించండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మనిషికి అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. ఇంకోటి కూడా ఇంటివాళ్ళను అడగండి: ఎప్పుడైనా నిద్ర లేకపోయినా అలుపు లేకుండా, ఆపకుండా మాట్లాడుతూ, డబ్బులు ఇష్టమొచ్చినట్టు ఖర్చు చేసిన రోజులున్నాయా? ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. అలాంటివాళ్ళకు ఉత్త డిప్రెషన్ మందు ఇస్తే మనిషి మళ్ళీ ఆ ఉద్రేకం వైపు తిరగబడే ప్రమాదం ఉంది.

డిప్రెషన్‌కు డాక్టర్ ఫ్లూయోక్సెటిన్ 20 మి.గ్రా. మొదలుపెట్టారనుకోండి. పొద్దున ఏదైనా తిన్నాక వేసుకోమనండి. అసలు చెప్పాల్సింది దాని తర్వాత ఉంది: "ఇది నొప్పి గోళీ కాదు. మొదటి వారం కడుపులో తిప్పినట్టు, కాస్త కంగారుగా ఉండొచ్చు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది." ఈ మాట చెప్పకపోతే నాలుగో రోజుకే గోళీలు గూట్లోకి వెళ్ళిపోతాయి. వారం తిరక్కముందే ఫోన్ చేయండి. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలని మొదటి రోజే చెప్పి పెట్టండి. లేకపోతే బాగయిన రోజే చివరి రోజవుతుంది.

తీవ్రమైన మానసిక జబ్బుల మందుల్లో నర్సు కన్ను ఇంకా పదునుగా ఉండాలి. హాలోపెరిడాల్ మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లో కుర్రాడి మెడ ఒక పక్కకు గుంజుకుపోయి, కళ్ళు పైకి నిలబడితే ఇంట్లోవాళ్ళు దయ్యం వచ్చిందనుకుని భూతవైద్యుడి దగ్గరికి పరుగెడతారు. అది మందు వల్లే. డాక్టర్ చెబితే ప్రోమెథజిన్ ఇంజెక్షన్ చేస్తాం, అరగంటలోపే మెడ సాఫీ అవుతుంది. "ఇలా కావచ్చు, అయితే సీదా ఇక్కడికే తీసుకురండి" అని ముందే చెప్పిన ఇల్లు మన దగ్గరికే వస్తుంది. రిస్పెరిడోన్ వాడే ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోవచ్చు, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, మీరే అడగాలి. లిథియం వాడేవాళ్ళకు ఎండాకాలమే పెద్ద గండం. చేన్లో చెమట కారి, నీళ్ళు తాగక, పైగా ఒళ్ళు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ సూది వేయించుకుంటే లిథియం రక్తంలో పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, నడక తూలడం కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చూపించండి. మా మండలంలో ఆర్‌ఎంపీలతో నేను గొడవ పెట్టుకోను. లిథియం పేషెంట్లెవరో ఇంటివాళ్ళను అడిగి, వాళ్ళు సరేనంటేనే, ఆ ఊరి ఆర్‌ఎంపీకి ఒక మాట చెప్పి ఉంచుతాను.

కల్లు గురించి. తెలంగాణలో పనిచేసే నర్సుకు ఇది ఏ పుస్తకంలోనూ సరిపోయినంత దొరకదు. కల్తీ కల్లులో అల్‌ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. 2015లో కల్తీ మీద దాడులు జరిగి సరుకు ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు జనం ఫిట్స్‌తో, పిచ్చి మాటలతో, వణుకుతూ బారులు తీరారు. అందుకని "రేపటి నుంచి మానెయ్యి" అని ఎప్పుడూ అనకండి. రోజుకు ఎన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు, పొద్దున తాగకపోతే చేతులు వణుకుతాయా, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా, ఇవి అడిగి డాక్టర్‌కి చెబితే మందులతో మెల్లగా దించుతారు. సారా, మందు తాగేవాళ్ళకైతే ఆపిన రెండు రోజుల్లోపు ఫిట్స్, ఆ తర్వాత మతి తప్పి లేనివి కనబడటం రావచ్చు. గ్లూకోజు బాటిల్ ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బి1) పడిందా అని చూడాల్సింది మనమే.

బాణామతి, గాలి సోకడం లాంటి మాటలు వస్తే వాదించి గెలవకండి. గెలిస్తే పేషెంటు పోతాడు. దర్గాకు పోతారా, పోండి. గుడి దగ్గర నిద్ర చేస్తారా, చేయండి. కానీ గోళీ ఆపొద్దు, కొట్టొద్దు, గొలుసు వేయొద్దు. గొలుసులతో కట్టేయడం ఆ 2017 చట్టం ప్రకారం నిషేధం, ఇందులో మాత్రం మొహమాటం లేదు.

బాలింతలను టీకాల రోజున పట్టుకోండి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు బిడ్డతో వస్తుంది కదా, అప్పుడు బిడ్డ నిద్ర కాకుండా తల్లి నిద్ర అడగండి. బిడ్డను ఎవరో మార్చేశారని, చెవిలో మాటలు వినిపిస్తున్నాయని అంటే రేపటిదాకా ఆగకుండా అదే రోజు జిల్లా ఆసుపత్రికి.

ఇక రిజిస్టర్. నెల రిపోర్టుల ఫార్మాట్ మీకు డేటా ఎంట్రీ వాళ్ళే చూపిస్తారు, దాని గురించి నాకు చెప్పడానికి ఏమీ లేదు. మీ సొంత పుస్తకంలో మాత్రం వచ్చిన తేదీ కంటే గోళీలు అయిపోయే తేదీ ముఖ్యం. ఫోన్ నంబర్ పక్కన ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో, ఏ వేళకు ఇంట్లో ఉంటుందో రాయండి. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు, బతుకమ్మ, దసరా రోజుల్లో ఎవరూ రారని తెలిసిందే, డాక్టర్‌తో చెప్పి ముందే పదిహేను రోజులకు ఎక్కువ ఇప్పించండి. రానివాళ్ళ ఇంటికి ఆశాను పంపితే గల్లీలో నిలబడి "నీ తలకాయ గోళీలు తెచ్చుకోలేదా" అని కేకేయకుండా చూసుకోండి. "సిస్టర్ బీపీ చూపించుకోమంది" అంటే చాలు, వాళ్ళకు అర్థమవుతుంది.

పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తే చీటీ చేతిలో పెట్టి వదిలేయకండి. ఎవరు తోడు వెళ్తున్నారు, ఏ బస్సు, ఆధార్ ఉందా, ఇప్పటిదాకా వాడిన గోళీల అట్టలన్నీ సంచిలో వేసుకున్నారా చూడండి. చీటీలో జబ్బు పేరు ఒక్కటే కాకుండా ఎన్నాళ్ళ నుంచి, ఏ మందు ఎంత, ఎప్పుడు ఆపారు అన్నది రాయండి. మర్నాడు ఫోన్ చేసి చేరారా లేదా కనుక్కోండి. డిశ్చార్జ్ అయిన రోజే చీటీలో మందుల పేర్లు చదివించుకుని, అవి మన స్టోరులో ఉన్నాయా అని ఫార్మసిస్టును అడగండి. లేకపోతే అప్పుడే ఇండెంట్ పెట్టిస్తేనే, వాళ్ళు తెచ్చుకున్న గోళీలు అయిపోయేలోపు మన దగ్గర సరుకు ఉంటుంది.