తుఫాను నెల రాకముందే ఆ టేపు విప్పండి

మొన్నటి గాలివానకి కాశీనగరం వైపు ఒక తోటలో నిరుడు పాతిన జీడి అంటుమొక్కలు వరసగా విరిగిపోయాయి. వేళ్ళతో లేచినవి కావు. అన్నీ అంటు కట్టిన చోటే పుటుక్కుమన్నాయి. మోళ్ళు వంగి చూస్తే, అంటు అతుక్కోవడానికి నర్సరీలో చుట్టిన ప్లాస్టిక్ టేపు ఇంకా వాటికే ఉంది. కాండం లావెక్కింది గానీ టేపు సాగదు కదా, బెరడులోకి కోసుకుపోయింది.

నీళ్ళు, కంచె, మేకల సంగతి మీకు చెప్పక్కర్లేదు. మన పర్లాకిమిడి, గుణుపురం పక్కల తోటల్ని ముంచుతున్నది ఈ టేపే. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు వెంట వేళ్ళకి దిగాలి. టేపు అడ్డం పడితే అది పైనే ఆగి, కట్టు మీద బుడిపెలా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు చూసి మొక్క బలిసిందని మురిసిపోయేవాళ్ళు చాలామంది! కింద సన్నబడి, వేరు ఆకలితో ఉంటుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఇటు ఒడిశాలోని మన గజపతి జిల్లా మీదికొచ్చినప్పుడు కాపుకొచ్చిన చెట్లే కూలాయి. నడుం తెగిన లేతమొక్క ఎంతసేపు నిలబడుతుంది?

టేపుని మెలితిప్పి లాగకండి. బ్లేడుతో ఒక పక్క నిలువుగా గాటు పెట్టి ఊడదీయండి. బెరడులో పూడిపోయిన ముక్కని పెకలించొద్దు, అక్కడక్కడా తెగ్గోస్తే బిగువు పోతుంది. ఆ మొక్కకి ఊతకర్ర తప్పనిసరి.

గాలికి ఆగుతుందని మొక్క మొదలు చుట్టూ మట్టి ఎగదోస్తారు. అంటు కట్టిన చోటు నేలకి కనీసం 5 సెంటీమీటర్లు పైన ఉండాలి. పూడ్చేస్తే కుళ్ళుతుంది, లోపలి టేపు మీ కంటికీ పడదు.

ఇక మిగతావి. ఊతకర్రకి గోనెతాడో పాత చీరపేలికో కట్టండి, వదులుగా, ఎనిమిది అంకె వేసినట్టు. కట్టుడు తీగ వద్దు, నైలాను తాడు అసలొద్దు. అదీ రెండో టేపే. కాండం కాస్త ఊగనివ్వండి, ఊగితేనే గట్టిపడుతుంది. అంటు కింద మొలిచే చిగురు వేరున్న కింది నాటుమొక్కది, మీరు కోరిన రకం కాదు, గిల్లేయండి. మొదటి రెండేళ్ళు పూత తుంచేయండి, మనసొప్పకపోయినా సరే. వాన ముందు యూరియా వేయొద్దు. పాదులో నీళ్ళు నిలవకుండా పల్లానికి కాలువ తీయండి. ఎండుగడ్డి పరిస్తే మొదలుకి తగలనివ్వకండి. టేపు విప్పారా? కొమ్మ కొమ్మ కాదు, మొక్క మొక్కా చూడండి, కూలివాళ్ళు చూశారులే అనుకోకండి. గాలి తగ్గాక ఒరిగిన మొక్కని నేల తడి ఆరకముందే లేపి, చుట్టూ మట్టి కాలితో అదమండి.