జీడి చిగుళ్ళ మీద తెల్ల నురగ: మందు కొట్టేముందు తుడిచి చూడండి

పర్లాకిమిడి చుట్టుపక్కల, అటు గుణుపూర్ వైపు జీడితోటలున్న మనవాళ్ళు వానలు పడ్డాక అడిగేది ఇదే, చిగురు కణుపు దగ్గర ఎవరో ఉమ్మేసినట్టు నురగ ఉంది, ఇది తెగులా, ఏం మందు కొట్టాలి అని. మా పిన్నైతే "పాము ఉమ్మిరా, ముట్టుకోకు" అనేది. పాముకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ముట్టుకున్నా ఏం కాదు.

ముందు చూడాల్సింది

పుల్లతో నురగని మెల్లగా పక్కకి తియ్యండి. లోపల బియ్యపు గింజంత పిల్ల పురుగు, లేత పసుపో లేతాకుపచ్చో రంగులో, మెత్తగా, తల కిందకి పెట్టుకుని కాడకి అతుక్కుని ఉంటుంది. దాన్ని కదపకుండా కాసేపు అక్కడే కూర్చుని చూడండి, పొట్ట చివరని అటూ ఇటూ ఆడిస్తూ ఒక్కో బుడగా వదులుతూ మళ్ళీ ఆ నురగలోనే మునిగిపోతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు కళ్ళు తిప్పుకోలేకపోయాను.

కారణం

ఇది ఉమ్మి పురుగు, స్పిటిల్‌బగ్ అంటారు. మన దేశంలో క్లోవియా అనే రకాలు బాగానే ఉంటాయి. కాడలో వేరు నుంచి పైకెక్కే నీటినే ఇది తాగుతుంది, అందులో పోషకం చాలా తక్కువ కాబట్టి బోలెడంత తాగాలి, మిగిలిన నీళ్ళు వెనకనుంచి వదిలేసి గాలి కలిపి నురగ చేస్తుంది, ఆ నురగే ఎండకి ఎండిపోకుండా, శత్రువుల కంట పడకుండా దాన్ని కాపాడుతుంది. రెక్కలొచ్చాక నురగ అక్కర్లేదు. పెద్ద పురుగు చిన్నగా, ఎక్కువగా గోధుమ రంగులో, రెక్కలు ఇంటి కప్పులా మడిచి గట్టు గడ్డిలోనో లేత కొమ్మ మీదో కూర్చుంటుంది, వేలు దగ్గరికి పెట్టగానే టక్కున గెంతేస్తుంది. యూరప్‌లోని దీని చుట్టం ఫిలేనస్ స్పుమేరియస్ 6 మిల్లీమీటర్లే ఉండి 70 సెంటీమీటర్ల ఎత్తుకి గెంతుతుంది. ఇటలీ ఆలివ్ తోటల్లో చెట్లని ఎండబెట్టే జైలెల్లా అనే బాక్టీరియా రోగాన్ని మోసేది ఆ జాతే, నెట్‌లో ఆ ఫోటోలు చూసి మన జీడికి కంగారు పడొద్దు.

పచ్చదోమ జాతి పురుగుల్తో పొరబడితే లెన్స్ పెట్టి వెనక కాలు చూడండి. వాటి కాలికి పొడవునా ముళ్ళ వరసలుంటాయి, దీనికైతే ఒకటో రెండో లావు ముళ్ళు, కాలి చివర ముళ్ళ కిరీటం.

నురగ కాదు, పొడిగా దూదిలా ఉండి చీమలు బారులు కడుతున్నాయా, ఆకు మీద నల్ల మసి ఉందా? అది పిండినల్లి. చిగురు మీద నల్ల మచ్చలు పడి ఎండిపోతోందా? టీ దోమని వెతకండి, పేరుకి దోమే గానీ అది చిగుళ్ళ రసం పీల్చే నల్లి, జీడికి అసలు నష్టం అదే చేస్తుంది, తిట్లు మాత్రం కళ్ళకి కనబడే నురగకి పడతాయి.

ఏం చెయ్యాలి

పెద్ద చెట్టు మీద నాలుగైదు నురగలుంటే వదిలెయ్యండి. నిజంగా, ఏమీ చెయ్యొద్దు. అంటు మొక్కలు, నర్సరీ సంచులైతే పైపు నీళ్ళు గట్టిగా కొట్టండి, లేదా గుడ్డతో తుడిచెయ్యండి. మొక్కల మొదట్లో గడ్డి తీసి శుభ్రంగా ఉంచండి, పెద్ద పురుగులు దాక్కునేది అక్కడే.

ఒక ఏడాది మేమూ పురుగుమందుల కొట్టు అతను చెప్పాడని మందు కొట్టించాం. నురగ లోపలికి మందు దిగలేదు, పురుగులు అలాగే ఉన్నాయి, పోయినవి మాత్రం ఆకులు కుట్టి గూళ్ళు కట్టుకునే ఎర్ర చీమలు. ఆ చీమలు టీ దోమని పట్టి తింటాయి! ఆ గూళ్ళు మళ్ళీ మా చెట్లెక్కడానికి రెండేళ్ళు పట్టింది, అందుకే ఇంతగా చెప్తున్నా, తుడిచి చూడకుండా స్ప్రేయర్ భుజానికెత్తుకోకండి.