ఇంట్లో కేకు, నాలుగో పాఠం: సోడా వేరు, పౌడర్ వేరు

ఈ వారం బిస్కెట్లు చేద్దామని చెప్పాను. అవి వచ్చే వారానికి వాయిదా. మూడో పాఠం చూసి కేకు చేసినవాళ్లలో చాలామందికి అది నడుమ గుంటపడి, పైన నల్లబడి, నోట్లో పెట్టుకుంటే సబ్బు కొరికినట్టు ఉందట. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ ఫోను చేసి, ‘మా వీధికుక్క కూడా వాసన చూసి వెళ్లిపోయిందండీ’ అన్నారు. ఇక్కడ మా పక్కవాటా అమ్మాయి అయితే ఏమీ అనకుండా ఒక ముక్క పళ్లెంలో పెట్టి తెచ్చి నా ముందుంచింది.

ఆ ముక్కను విరిచి, చిటికెడు పసుపు నీళ్లలో కలిపి ఒక్క చుక్క దాని మీద వేశాను. కాసేపటికి ఆ మరక పారాణిలా ఎర్రబడింది.

‘సోడా ఎంత వేశావమ్మా?’

‘మీరు రాసినట్టే పిన్నిగారూ, చెంచాన్నర.’

నేను రాసింది చెంచాన్నర బేకింగ్ పౌడర్. కిరాణా కొట్లో అదే అడిగితే, ‘రెండూ ఒకటేనమ్మా’ అని వంటసోడా పొట్లం చేతిలో పెట్టారట. తక్కినవాళ్లను అడిగాను. అందరిదీ ఇదే కథ. అందుకని ఈ పాఠమంతా ఆ ‘రెండూ ఒకటే’ అన్న మాట మీదే. పిండి జల్లించడం, గిన్నెకు నూనె రాసి మైదా చల్లడం మళ్లీ చెప్పను. అవి మీకు వచ్చు.

వంటసోడా అంటే సోడియం బైకార్బనేట్. అది క్షారం. దానికి పులుపు తగిలితేనే సరిగ్గా పొంగుతుంది. మైసూరు బజ్జీకి పిండి కలిపేటప్పుడు ఇంట్లో పుల్లపెరుగు ఉందా అని వెతుక్కుంటాం కదా, అది రుచి కోసం మాత్రమే కాదు. పులుపూ సోడా కలిసినచోట బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. బజ్జీ లోపల కనిపించే గుల్ల దాని పనే.

మూడో పాఠంలో మనం చేసింది పాలూ గుడ్లూ వేసిన కేకు. అందులో సోడాకు సరిపడే పులుపు ఏదీ లేదు. అలాంటి పిండిలో సోడా పడితే పొయ్యి వేడికి విడిపోయి కొంత వాయువు వదులుతుంది, వెనక సోడియం కార్బనేట్ మిగులుతుంది. దాన్నే మనం బట్టలుతికే సోడా అంటాం. కాబట్టి సబ్బు రుచి మీ భ్రమ కాదు. పసుపు ఎర్రబడిందీ అందుకే. పారాణికి పసుపులో సున్నం కలిపితే జరిగేదే కేకు మీదా జరిగింది. పైగా క్షారం ఎక్కువైన పిండి పైన త్వరగా ఎర్రబడుతుంది. ఆ రంగు చూసి ఉడికిందనుకుని దింపేశారు, లోపల పచ్చిగా ఉంది, కూలిపోయింది.

బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు పొడిరూపంలో ఆమ్లం కూడా ఉంటుంది. డబ్బాలో ఉండగానే ఆ రెండూ కలహించుకోకుండా తేమ పీల్చడానికి మొక్కజొన్న గంజిపొడి కలుపుతారు. అందుకని పౌడర్‌కు బయటి పులుపు అవసరం లేదు. ఇప్పుడు దొరికే డబ్బాలు ఎక్కువగా రెండు విడతల్లో పనిచేస్తాయి, తడి తగిలినప్పుడు కొంత, వేడి తగిలినప్పుడు మిగతాది. బలంలో సోడా దానికి మూడు నాలుగు రెట్లు. అంటే చెంచాన్నర సోడా వేసినవాళ్లు ఐదారు చెంచాల పౌడర్ వేసినట్టు!

మీ పొట్లంలో ఉన్నది ఏదో తెలియకపోతే అర చెంచా తీసి గోరువెచ్చని నీళ్లలో వేయండి. బుసబుస పొంగితే పౌడర్. ఊరికే కరిగిపోతే దాని మీద నిమ్మరసం పిండండి. అప్పుడు పొంగితే సోడా. ఎందులోనూ కదలకపోతే అది పాతబడిపోయిన పౌడర్, పారేయండి. చెంచా అంటే 5 మిల్లీలీటర్లది, గోపురంలా కాకుండా కత్తి వెనకవైపుతో చదును చేసినది. పాయసం తినే చెంచా కాదు.

ఇంకొక పాఠకుడి కష్టం వేరు. బెజవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల మధ్య ఇంగ్లండు వంటల పుస్తకం ఒకటి దొరికిందట. అందులో ‘గ్యాస్ మార్క్ 4’ అని ఉంటే మన గ్యాసు పొయ్యి మీద నాలుగో గుర్తు కోసం వెతికారు. అది అక్కడి ఓవెన్ల లెక్క, మనకు 180 డిగ్రీల సెల్సియస్. 350 ఫారెన్‌హీట్ అని కనిపించినా దాదాపు అంతే. ‘సెల్ఫ్ రైజింగ్’ పిండి అని ఉంటే అందులో పౌడర్ ముందే కలిసి ఉంటుందని అర్థం. ఒక కప్పు మైదాకు చెంచాన్నర పౌడర్, చిటికెడు ఉప్పు కలిపితే అదే మనకు తయారు. ఔన్సు 28 గ్రాములు. పాత పుస్తకాలు కొనడం మాత్రం మానకండి, నా సగం వంట అక్కడిదే.

ఇక ఈ వారం కేకు పెరుగుతో. గుడ్డు లేదు కాబట్టి మా అత్తగారు శనివారం కూడా తింటారు. ఒక కప్పు గట్టి పెరుగులో ముప్పావు కప్పు పంచదార కరిగేదాకా గిలక్కొట్టండి. అందులో చదును చేసిన అర చెంచా సోడా, ఒకటింపావు చెంచా పౌడర్ వేసి ఐదు నిమిషాలు వదిలేస్తే నురగ పైకి తేలుతుంది. అరకప్పు వాసన లేని నూనె, ఒక చెంచా వెనీలా, చివర కప్పున్నర మైదా. మైదా పడ్డాక గరిటె తేలిగ్గా తిప్పి వెంటనే పొయ్యి మీదికి. సోడా మనకోసం ఆగదు, ఫోను వస్తే మోగనివ్వండి. బెజవాడ మేనెలలో సాయంత్రానికే పెరుగు పులిసిపోతుంది కాబట్టి ఉదయం తోడుకున్నదే వాడండి. నీళ్లు తేలితే గుడ్డలో వడకట్టండి.

కుక్కర్‌లో చేసేవాళ్లు రబ్బరు, విజిల్ తీసేయాలి. నాకు మాత్రం కుక్కర్‌ను ఖాళీగా కాల్చడం ఇష్టం లేదు. మందపాటి పాత దబరగిన్నెలో అరంగుళం ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతవేసి పది నిమిషాలు వేడి చేస్తాను. తర్వాత సన్నని సెగ మీద నలభై ఐదు నిమిషాలు. ఓవెన్ ఉంటే 180లో ముప్పై ఐదు చాలు.

మొదటి అరగంట మూత తీయకూడదు. నేను గడియారం చూడను. మా అమ్మ వారపత్రికల నుంచి చించి కుట్టించిన సీరియల్ బైండు ఒకటి తీస్తాను. మూడు వారాల భాగాలు చదివేసరికి కేకు అవుతుంది. ఉత్కంఠ ఎక్కువగా ఉన్న సీరియల్ వద్దు, ఒకసారి నాలుగో వారానికి వెళ్లిపోయి అడుగు మాడ్చాను.

అభ్యాసం: మూడు చిన్న గిన్నెలు తీసుకోండి. ఒక్కొక్కదానికి అరకప్పు మైదా, పావుకప్పు పంచదార, రెండు పెద్ద చెంచాల నూనె. మొదటి దానిలో పాలు, అర చెంచా పౌడర్. రెండో దానిలో పెరుగు, చెంచాలో ఎనిమిదో వంతు సోడా. మూడో దానిలో పాలు, అర చెంచా సోడా, తెలిసి తెలిసి. మూడూ ఒకేరోజు చేయాలి. చల్లారాక చీపురుపుల్లతో ఎత్తు కొలిచి, పసుపు చుక్క వేసి, రంగు నోటుపుస్తకంలో రాయండి. రుచి కూడా రాయాలి, మూడోదానిది సైతం.

వచ్చే వారం బిస్కెట్లు. వెన్న ఉప్పు లేనిది కావాలని అడగండి. ‘రెండూ ఒకటే’ అంటే ఇంకో కొట్టుకు వెళ్లండి.