ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు (సెమ్) కింద మందార పుప్పొడి: ఫొటోకు ముందు చేయాల్సిన పని

మా ల్యాబుకు నమూనాలు తెచ్చే విద్యార్థులందరూ మొదట అడిగేది ఒకటే: "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "బాగా ఆరిందా?"

సాధారణ సూక్ష్మదర్శిని దాదాపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీసి చూపలేదు. కాంతితో పోలిస్తే ఎలక్ట్రాన్ల తరంగదైర్ఘ్యం వేల రెట్లు తక్కువ. అందుకే స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, అంటే మా సెమ్, కొన్ని నానోమీటర్ల వివరాన్ని కూడా పట్టుకుంటుంది. అయితే ఎలక్ట్రాన్లు గాలిలో సాగలేవు, లోపల శూన్యం ఉండాలి. తడి నమూనా అక్కడ ఆవిరి వదులుతూ ముడుచుకుపోతుంది. బతికున్న కణాలను చూడాలనుకునేవారు మరో గది వెతుక్కోవాలి.

మొదటిసారికి మందార పుప్పొడి తీసుకోండి. ముళ్ల బంతుల్లా ఉండే పెద్ద రేణువులు. కేసరాలను కాగితం మీద దులిపి, సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో, అంటే తేమ లాగేసే మూత పాత్రలో, రాత్రంతా ఉంచండి. గ్లవుజులు వేసుకుని, అల్యూమినియం స్టబ్ (నమూనా పెట్టే చిన్న దిమ్మె) మీద కార్బన్ టేపు అతికించి, కాస్తంటే కాస్తే చల్లండి. అంటుకోని రేణువులను ఊది తీసేయండి.

పుప్పొడిలో విద్యుత్తు ప్రసరించదు. పడిన ఎలక్ట్రాన్లు పోయే దారిలేక పేరుకుంటే చిత్రంలో తెల్లటి చారలు వస్తాయి, బొమ్మ పక్కకు జరుగుతుంది. దీన్ని చార్జింగ్ అంటాం. విరుగుడుగా సుమారు 10 నానోమీటర్ల బంగారు పూత వేయిస్తాం. ఖర్చుకు కంగారు పడకండి, ఆ పొర వెంట్రుక మందంలో వేల వంతు! మూలకాల విశ్లేషణ కూడా కావాలంటే మాత్రం ముందే చెప్పండి. మూలకాలను అవి వెలువరించే ఎక్స్‌రేలను బట్టి గుర్తిస్తాం; గ్రాఫులో బంగారం ఎక్స్‌రే శిఖరం ఫాస్ఫరస్ శిఖరం పక్కనే పడి గందరగోళం చేస్తుంది. అప్పుడు కార్బన్ పూతే మేలు.

వోల్టేజి 5 కిలోవోల్టుల దగ్గర మొదలుపెట్టండి. 20కి పెంచితే ఎలక్ట్రాన్ల పుంజం లోతుగా దిగి, ఉపరితలంలోని సన్నటి గీతలు మసకబారతాయి. 10,000 రెట్ల దగ్గర ఫోకస్ చేసి, 1,000కి తగ్గించి ఫొటో తీయండి. ఫోకస్ తిప్పుతుంటే బొమ్మ ఒకసారి అటు, ఒకసారి ఇటు సాగుతోందా? పుంజం ఆకారాన్ని సరిదిద్దే స్టిగ్మేటర్‌ను సరిచేయండి.

వచ్చేది నలుపు తెలుపు చిత్రమే. పత్రికల్లో కనిపించే రంగులు కంప్యూటర్‌లో వేసినవి. రేణువు లోపలి నిర్మాణం కావాలంటే 100 నానోమీటర్ల లోపు మందంతో కోసి, ఎలక్ట్రాన్లను నమూనా గుండా పంపే ట్రాన్స్‌మిషన్ మైక్రోస్కోపులో చూడాలి.

పుంజం ఒకేచోట ఎక్కువసేపు నిలిస్తే అక్కడ నల్లటి చతురస్రం ముద్రపడుతుంది. కాబట్టి ఒక రేణువు మీద ఫోకస్ కుదుర్చుకుని, పక్క రేణువును ఫొటో తీయండి.