డిమైజ్ అంటే చావేనా? ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

ఎవరైనా పోయారని తెలియగానే మన వాట్సాప్ గ్రూపుల్లో "హీ డిమైజ్డ్ యెస్టర్‌డే" అని పెట్టేస్తుంటారు, దయచేసి అలా రాయకండి. చనిపోవడం అనే అర్థంలో డిమైజ్‌ని నామవాచకంగానే వాడాలి, "హిజ్ డిమైజ్" అనొచ్చు, క్రియ కావాలంటే "హీ డైడ్" లేదా "హీ పాస్డ్ అవే" అంటే సరిపోతుంది.

ఎందుకంటే క్రియగా దీని అర్థం వేరే, ఆస్తిని లీజుకో వీలునామాతోనో ఇంకొకరికి ఇవ్వడం. మా తమ్ముడు షాపు అద్దెకి తీసుకుంటూ అగ్రిమెంట్‌లో "డిమైజ్డ్ ప్రెమిసెస్" అని చూసి, అన్నయ్యా ఈ షాపులో ఎవరైనా పోయారా అని కంగారుగా ఫోన్ చేశాడు, ఎవరూ పోలేదురా, అద్దెకిచ్చిన జాగా అని అర్థం అంతే అని చెప్పా.

అసలు ఈ మాట మూలం లాటిన్‌లో డిమిటెరె, పంపేయడం, వదిలేయడం అని, మనం రోజూ అనే డిస్మిస్ కూడా అక్కడిదే. ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లండ్ కోర్టుల్లోకొచ్చి ఆస్తి చేతులు మారడానికి పేరయింది, కిరీటం వారసుడికి వెళ్తే "డిమైజ్ ఆఫ్ ది క్రౌన్" అన్నారు, అది ఎక్కువగా రాజు పోయినప్పుడే జరిగేది కాబట్టి మెల్లగా చావు అనే అర్థం అంటుకుంది. కానీ 1936లో ఎనిమిదో ఎడ్వర్డ్ సింహాసనం వదులుకున్నప్పుడు చేసిన చట్టంలో కూడా ఇదే మాట ఉంది, ఆయనేమో 1972 దాకా బతికాడు!

ఇక వాడకం. ఆఫీసు సర్క్యులర్, సంతాప తీర్మానం, పేపర్ ప్రకటన, వీటిల్లో డిమైజ్ బాగుంటుంది, ఒక కంపెనీయో పార్టీయో కుప్పకూలిందని చెప్పడానికీ వాడొచ్చు. పలకడం డిమైజ్ అనే, డెమిస్ కాదు.

తండ్రి పోయిన ఫ్రెండ్‌కి నేరుగా మెసేజ్ పెట్టేటప్పుడు మాత్రం వద్దనే చెప్తా. మన దగ్గర కార్డు మీద "కాలధర్మం చెందారు" అని అచ్చేస్తాం గానీ ఇంటికెళ్లి ఎదురుగా కూర్చుని ఆ మాట అంటామా, "నాన్నగారు పోయారట కదరా, ఇప్పుడే తెలిసింది" అంటాం, ఇంగ్లీష్‌లోనూ అంతే, "అయామ్ సో సారీ అబౌట్ యువర్ డాడ్" అని రాయండి, ఆయన గురించి మీకు గుర్తున్న ఒక్క మాట కూడా దాని కింద రాయండి.