జీవశాస్త్రం పీరియడ్‌లో చదవడం నేర్పాను

పదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. పిల్లలు పాఠం గడగడా చదివేసేవారు. ఏం అర్థమైందని అడిగితే తలలు దించుకునేవారు. చదవడం నేర్పేది తెలుగు మాస్టారి పని అనుకుని, ఏళ్ల తరబడి నేనే చదివి, నేనే వివరించి, నోట్సు రాయించేదాన్ని. అది నా పొరపాటే.

కిరణజన్య సంయోగక్రియ పాఠంతో పద్ధతి మార్చాను. 17వ శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ కుండీలో మొక్క నాటి, నీళ్లు మాత్రమే పోసి చేసిన ప్రయోగం దగ్గర పుస్తకాలు మూయించి అడిగాను: "5 పౌండ్ల విల్లో మొక్క 5 ఏళ్లలో 169 పౌండ్లయింది. ఆ బరువు ఎక్కడిది?" అందరూ "మట్టిలోంచి మేడమ్" అన్నారు. ఆ జవాబు రాసుకున్నాకే చదవమన్నాను. మట్టి తగ్గింది సుమారు 2 ఔన్సులేనని చూసి ఒక అబ్బాయి వెనక్కి వెళ్లి మళ్లీ మొదటినుంచి చదివాడు. ఎవరూ చెప్పకుండా మళ్లీ చదవడం ఆ తరగతిలో నేను చూడటం అదే మొదలు. బరువంతా నీటిదేనని హెల్మాంట్ తేల్చాడు. 'గ్యాస్' అనే మాట పుట్టించిన మనిషికే ఆ బరువులో గాలి పాత్ర కూడా ఉందని తట్టలేదంటే పిల్లలకు ఎంత ఆశ్చర్యమో!

పెద్ద మాటల్ని బోర్డు మీద విడగొడతాం: కిరణ, జన్య, సంయోగ, క్రియ. 'జన్య' అంటే పుట్టినది అని తెలిశాక ఆ పేరే సగం పాఠం చెబుతుంది. ఆకు అడ్డుకోత పటం ఉన్నచోట ఒక వాక్యం చదవాలి, ఆ భాగం మీద వేలు పెట్టాలి, తర్వాతే ముందుకు.

ఇలా చదివితే ఒక పీరియడ్ పాఠం రెండు పీరియడ్లు పడుతోంది. ఆ సమయం కోసం నోట్సు రాయించడం మానేశాను.